చెక్కల ఇంటికి కొత్త తొడుగు వేసే ముందు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గడ్చిరోలి జిల్లా అంకీసాలో తాతగారి కాలం నాటి ఇల్లు. కింద రాతి పునాది, దాని మీద టేకు నిట్రాళ్లు, గోడలన్నీ నిలువు టేకు పలకలు, పైన బెంగుళూరు పెంకులు. పడమటి గోడ పలకలు కింది భాగంలో పుచ్చాయి. ఎండాకాలం సాయంత్రాలు ఆ గదిలో కూర్చోలేకపోతున్నారు, చలికాలం సందుల్లోంచి గాలి కొడుతోంది. లోపల థర్మోకోల్ పెట్టి ప్లైవుడ్ కొట్టించి, బయట పాత పలకల మీదే పీవీసీ షీట్లు బిగించమని, వారంలో పని అయిపోతుందని ఒకరు చెప్పారు. చేయించవచ్చా అన్నది మీ సందేహం.

వద్దు బాబూ. వారంలో అయిపోయే మాట నిజమే. మూడో వానాకాలం తర్వాత అదంతా విప్పడానికి మాత్రం నెల పడుతుంది. ఆలాపల్లి, అహేరి, సిరోంచ చుట్టుపక్కల నలభై ఏళ్లుగా కర్రపని చేయిస్తున్నాను. చెక్క ఇల్లు పాతబడి పాడైపోవడం నేను చూసింది తక్కువ, తడి బయటికి పోయే దారి మూసేయడం వల్ల పాడైపోవడమే ఎక్కువ. మీకు చెప్పిన పద్ధతి ఆ దారిని రెండు వైపులా మూస్తుంది.

ముందు పుచ్చు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. నిలువు పలక కింద కోసిన కొస నీళ్లను గడ్డి పీచులా పైకి పీలుస్తుంది. చూరు నీళ్లు నేల మీద పడి చిమ్మితే ఆ తుంపర ముందు తగిలేది అక్కడే. పడమటి గోడ దగ్గర నేల పోనుపోను పెరిగి పునాది రాయిని కప్పేసిందా? గోడకు ఆనించి కట్టెలు పేర్చారా? బాత్‌రూమ్ గొట్టం కారుతోందా? వీటిలో ఏది ఉన్నా, అది సరిచేయకుండా కొత్త పలకలు కొట్టడం చిల్లు కుండకు రంగు వేసినట్టే. మట్టి తవ్వి తీసి, గోడ కింది అంచుకూ నేలకూ మధ్య కనీసం 8 అంగుళాలు రాయి బయటికి కనిపించేలా చేయండి. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. చెదలు వెలుతురులో నడవవు, మట్టితో గొట్టాలు కట్టుకుని పైకి ఎక్కుతాయి. రాయి కనబడుతుంటే ఆ గొట్టం పొద్దున చీపురు పట్టినప్పుడే కంటపడుతుంది. పీవీసీ షీటు నేల దాకా దింపితే దాని వెనక అవి దూలం దాకా ఎక్కినా మీకు తెలియదు.

తర్వాత ఒక సన్నటి స్క్రూడ్రైవర్ తీసుకుని ఇల్లంతా తిరగండి. ప్రతి పలకనూ కింద, మధ్యలో, కిటికీ మూలల దగ్గర గుచ్చండి. మంచి టేకు అయితే మొన అక్కడే ఆగిపోతుంది, ఖణేల్‌మని చెయ్యి అదురుతుంది. పుచ్చిన చోట మగ్గిన బొప్పాయిలో దిగినట్టు దిగుతుంది. ఆ చోట్లకు సుద్దముక్కతో గీత పెట్టుకోండి. చాలా ఇళ్లలో నేను చూసిందేమిటంటే, కింది అడుగున్నర పోయి ఉంటుంది, పైన ఏడెనిమిది అడుగులు ఉక్కులా ఉంటుంది. అలాంటప్పుడు గోడంతా పీకాల్సిన పనిలేదు. పుచ్చు పైన మూడు అంగుళాలు మంచి చెక్క కూడా కలిపి అడ్డంగా ఒకే వరసలో కోసేసి, కింద కొత్త అడ్డదూలం వేసి, పాత పలకలను దాని మీద కూర్చోబెట్టండి. నిట్రాడు మొదలు పుచ్చితే మాత్రం మేస్త్రిని పిలిచి, దూలానికి జాకీ పెట్టి బరువు తీసి, పుచ్చిన కాలు కోసి రాతి దిమ్మ మీద నిలబెట్టించాలి. అది ఇంట్లో కుర్రాళ్లతో చేసే పని కాదు.

తడి కొలిచే చిన్న మీటరు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. రెండు ముళ్లు చెక్కలో గుచ్చితే శాతం చూపిస్తుంది. 20 శాతం దాటి చాలాకాలం ఉంటే బూజు పట్టి పుచ్చు మొదలవుతుంది. 12, 14 దగ్గర ఉంటే నిశ్చింత. మీటరు 20 పైన చూపిస్తున్న గోడను ఏ పొరతోనూ కప్పకండి. విప్పి, గాలి ఆడనిచ్చి, నెల తర్వాత మళ్లీ కొలవండి.

ఇక వేడి సంగతి. మీరు గోడ గురించే అడిగారు గాని, నేనైతే మొదటి రూపాయి కప్పు మీద పెడతాను. సిరోంచ ప్రాంతం దాదాపు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మూడో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీద ఉంటాడు. చంద్రపూర్ వైపు 47 డిగ్రీలు దాటే రోజులు అవే. ఆ వేళ దక్షిణపు గోడ మీద ఎండ జారిపోతుంది, పెంకు మీద మాత్రం నిలువునా దిగుతుంది. పెంకు కాలి, ఆ సెగ కిందికి కొడుతుంది. మీరు గోడకు ఎంత దూది చుట్టినా తల మీద పెనం ఉన్నట్టే.

కప్పు కింద చేయాల్సింది పెద్ద పని కాదు. కోతులు కదిపిన పెంకులు ముందు సర్దించండి. మా ఊళ్లో కప్పు కారడానికి వాన కన్నా అవే పెద్ద కారణం. వాసాల అడుగున అల్యూమినియం రేకు పొరను మెరిసే వైపు కిందికి ఉండేలా బిగించండి. మెరుపు కిందికే ఎందుకంటే, పైకి పెడితే దుమ్ము పడి ఏడాదిలో మసకబారిపోతుంది. ఆ పొరకూ కింద అటక చెక్కలకూ మధ్య గాలి ఉండాలి. రెండూ ఆనుకుంటే మెరుపు వల్ల ప్రయోజనం ఏమీ ఉండదు. అటక చెక్కల మీద రెండంగుళాల రాక్‌వూల్, అంటే రాతి పీచు పరుపు, పరవండి. త్రికోణపు గోడల్లో రెండు కొసలా జాలీ వేసిన కిటికీలు తెరిస్తే కాగిన గాలి అటు నుంచి ఇటు వెళ్లిపోతుంది. ఒక వేసవి ఇంతవరకే చేసి చూడండి. చాలామంది అక్కడితోనే ఆగిపోయారు, గోడ జోలికి రాలేదు.

పడమటి గోడ వేరే లెక్క. సాయంత్రం నాలుగింటికి ఎండ అడ్డంగా వచ్చి గోడకు ఎదురుగా కొడుతుంది. దానికి అన్నిటికన్నా చవకైన మందు నీడ. గోడకు నాలుగడుగుల దూరంలో పందిరి వేసి, వెదురు తడికలు వేలాడదీస్తే సగం పని అయినట్టే. అప్పటికీ చాలదనుకుంటేనే గోడకు పొర వేయండి.

పొర అంటే ఏది? థర్మోకోల్ మీద నాకు మూడు ఫిర్యాదులున్నాయి. మంట తగిలితే కరిగి కారుతూ కాలుతుంది. ఎలుకలూ చీమలూ అందులో కాపురం పెడతాయి. మూడోది చాలామంది ఎలక్ట్రీషియన్లకు కూడా తెలియదు. పీవీసీ తొడుగున్న వైరు థర్మోకోల్‌ను ఆనుకుని ఏళ్ల తరబడి ఉంటే, వైరు మెత్తదనం ఇచ్చే పదార్థం థర్మోకోల్‌లోకి ఇంకిపోయి తొడుగు పెళుసుబారుతుంది. చెక్క ఇంట్లో పెళుసు వైరు అంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మీ ఇంట్లో వైరింగ్ పాతదైతే గోడ మూసే ముందే మార్చి, గొట్టంలో లాగించండి. ఆ తర్వాత రాక్‌వూల్ వాడండి. రాతిని కరిగించి తీసిన పీచు కాబట్టి అంటుకోదు. రెండంగుళాల రాక్‌వూల్ వేడిని ఆపడంలో దాదాపు ఎనిమిది అంగుళాల మందం టేకుకు సమానం. మీ గోడ పలక ముప్పావు అంగుళం, చూసుకోండి. పని చేసేటప్పుడు నిండు చేతుల చొక్కా, మూతికి మాస్కు తప్పనిసరి. పీచు ఒంటికి గుచ్చుకుంటే రెండు రోజులు దురద.

ఊక నింపవచ్చా అని చాలామంది అడుగుతారు. ఊక వేడిని బాగానే ఆపుతుంది. అయితే ఏడాదిలో కిందికి దిగిపోయి గోడ పైభాగం ఖాళీ అవుతుంది, పురుగు పడుతుంది. మన పెద్దవాళ్లు వెదురు తడికకు గడ్డి కలిపిన మట్టి మెత్తి లోపలి గోడగా నిలబెట్టేవారు. ఇవాళ ఎవరికైనా ఓపిక ఉంటే దానికి నేను అడ్డు చెప్పను.

ఇప్పుడు ప్లాస్టిక్ సంగతి చెప్పాలి. ఇది నా సొంత తప్పు కాబట్టి దాచను. పదిహేనేళ్ల కిందట ఆలాపల్లిలో ఒక చెక్క ఇంటికి ఏసీ గది చేశాను. చలిదేశాల వాళ్లు చేసే పని వీడియోలో చూసి, రాక్‌వూల్‌కు లోపలి వైపు పాలిథీన్ షీటు పరిచి, దాని మీద ప్లైవుడ్ కొట్టాను. చూడటానికి అద్దంలా ఉంది. రెండు వానాకాలాలు గడిచాక ఆ ఇంటావిడ ఫోను చేసి, గదిలో తడిసిన గోనెసంచి వాసన వస్తోందన్నారు. వెళ్లి ప్లైవుడ్ ఒక మూల లేపాను. పాలిథీన్ వెనక వైపు నీటి చుక్కలు వరసగా, వంటింట్లో అన్నం గిన్నె మూత తీసినప్పుడు ఉంటాయే, అలా. రాక్‌వూల్‌ను పిండితే నీళ్లు. పలక మీద అరచేతులంత నల్ల బూజు మచ్చలు. మేకు పట్టుకుని లాగితే తల నా చేతిలోకి వచ్చింది, కాడ చెక్కలోనే మిగిలింది.

జరిగింది ఇది. చలిదేశంలో ఇంటి లోపల వెచ్చగా, తేమగా ఉంటుంది, బయట చలి. తేమ లోపలి నుంచి బయటికి నడుస్తుంది కాబట్టి వాళ్లు ప్లాస్టిక్ లోపలి వైపు పెడతారు. మనకు వానాకాలంలో ఏసీ వేస్తే అంతా తిరగబడుతుంది. బయట 30 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం అనుకోండి. ఆ గాలి 26 డిగ్రీల చల్లదనం ఉన్న దేన్ని తాకినా నీరుగా మారుతుంది. ఏసీ 24లో ఉంటే లోపలి ప్లాస్టిక్ ఆ 26 కన్నా చల్లగానే ఉంటుంది. పలక సందుల్లోంచి వచ్చిన తేమ గాలి దాన్ని తాకి అక్కడే చుక్కలు కట్టింది, పోవడానికి దారి లేదు. నా ఖర్చుతో ఆ గది మొత్తం విప్పి మళ్లీ చేశాను. అప్పటి నుంచి లోపలి వైపు ప్లాస్టిక్ షీటు, వినైల్ వాల్‌పేపర్ పెట్టమని ఎవరు అడిగినా ఆ పని ఒప్పుకోను.

అందుకే పొరను లోపల కాకుండా బయట వేయమంటాను. మీ తాతగారు వేయించిన టేకు పలకలు లోపలి వైపు అలాగే కనిపిస్తూ ఉంటాయి, వాటిని ప్లైవుడ్‌తో ఎందుకు మూయాలి? పాత గోడ నుంచి బయటికి క్రమం ఇలా ఉంటుంది. పాత పలకల సందుల్లో జనపనార తాడు మొద్దు ఉలితో కూరి, పైన సన్న పట్టీ కొట్టండి. పుట్టీ, సిమెంటు పెట్టకండి. చెక్క కదిలినప్పుడు అవి పెచ్చులుగా రాలిపోతాయి. దాని మీద రెండంగుళాల రీపర్లు (కర్ర బద్దలు) అడ్డంగా. రాక్‌వూల్ పలక వెడల్పు సాధారణంగా 600 మిల్లీమీటర్లు, రీపర్ల మధ్య సందు అంతకన్నా ఓ 5 మిల్లీమీటర్లు తక్కువ పెడితే మేకు లేకుండానే బిగిసి కూర్చుంటుంది. పైన నీటిని ఆపి ఆవిరిని వదిలే పొర. దీన్ని కింది నుంచి మొదలుపెట్టి, పైది కిందిదాని మీదికి వచ్చేలా, పెంకులు పేర్చినట్టు పరవాలి. ఆ పొర మీద నిలువుగా అంగుళం రీపర్లు. చివరికి కొత్త పలకలు.

ఆ అంగుళం ఖాళీ వృథా అని మీ మేస్త్రి అనవచ్చు, పలకలు నేరుగా కొట్టేద్దాం అనవచ్చు. ఒప్పుకోకండి. గాలివానకు ఏ పలక సందులోంచైనా కొంత నీరు లోపలికి వస్తుంది. ఆ ఖాళీ ఉంటే నీరు కిందికి జారి బయటపడుతుంది, మిగిలిన తడి గాలికి ఆరుతుంది. ఎండాకాలంలో పలక వెనక కాగిన గాలి పైకి లేచి పోతుంది కాబట్టి చల్లదనానికీ పనికొస్తుంది. కింద, పైన రెండు చోట్లా తెరిచి స్టెయిన్‌లెస్ జాలీ కొట్టించండి. లేకపోతే ఒక వైపు ఎలుకలు, ఒక వైపు తేనెటీగలు.

ఇదంతా కలిపి గోడ బయటికి దాదాపు నాలుగు అంగుళాలు పెరుగుతుంది. దీన్ని ముందే ఆలోచించనివాళ్లు కిటికీల దగ్గర ఇరుక్కుంటారు. కిటికీ చట్రాలు లోపలికి పోయి గూళ్లలా కనిపిస్తాయి, వాటికి బయటికి చెక్క తొడుగు పొడిగించాలి. కింది గడప బయటికి వాలుగా ఉండాలి, దాని అడుగున పెన్సిల్ మందం గాడి తీయిస్తే నీటిబొట్టు అక్కడే తెగి పడుతుంది. కిటికీ నెత్తిన జింకు రేకు మడిచి, దాని పై అంచు ఆ నీటి పొర వెనకకు దూర్చాలి, ముందుకు కాదు. చూరు కూడా నాలుగు అంగుళాలు తగ్గినట్టే. మీ చూరు అడుగున్నర లోపు ఉంటే రేకుతోనైనా ముందు దాన్ని పొడిగించండి.

పలకల విషయానికి వద్దాం. మీరున్నది టేకు దేశంలో. అయోధ్య గుడి తలుపులకు 2023లో టేకు వెళ్లింది చంద్రపూర్ దగ్గరి బల్లార్షా నుంచే. అంతమాత్రాన ఇక్కడ దొరికే ప్రతి పలకా మంచిదని కాదు. ముదురు గోధుమ రంగు చేవ చెదలను తట్టుకుంటుంది. అంచుల్లో తెల్లగా పాలిపోయిన భాగం చేవ లేని లేత కర్ర, దాన్ని చెదలు బిస్కెట్టులా తింటాయి. ఇప్పటి సన్న దుంగల్లో ఆ తెలుపు ఎక్కువ. తెల్ల అంచు ఉన్న పలకలను బయటి గోడకు తీసుకోకండి. డిపో వేలం రసీదు, అటవీ శాఖ రవాణా పాసు లేకుండా టేకు బండి ఎక్కించకండి, కొన్నాక కాగితాలు జాగ్రత్త చేయండి. డబ్బు చాలకపోతే పైభాగానికి ఫైబర్ సిమెంట్ బోర్డులు వేయవచ్చు. వాటికి చెదలు పట్టవు, అవి కాలవు. కోసిన అంచులకు రంగు పూయడం మాత్రం మరవద్దు. పీవీసీ షీటు మన ఎండకు వంకర తిరగడం నేను కళ్లారా చూశాను.

లెక్క ఇలా వేసుకోండి. గోడ 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు అనుకుందాం. 6 అంగుళాల పలక, ఒకదాని మీద ఒకటి అంగుళం ఎక్కితే బయటికి కనిపించేది 5 అంగుళాలు. 120 అంగుళాల ఎత్తుకు 24 వరసలు, అంటే 480 అడుగుల పలక. తరుగుకు పదో వంతు కలిపితే 530 అడుగులు. ముప్పావు అంగుళం మందానికి పదహారున్నర ఘనపుటడుగుల పైచిలుకు కర్ర. కిటికీల చోటు తీసేయకండి, తరుగు ఎప్పుడూ అనుకున్నదానికన్నా ఎక్కువే అవుతుంది.

బిగించే ముందు ప్రతి పలకకూ వెనక వైపు, కోసిన కొసలకు కూడా నూనె పట్టించాలి. ముందు వైపు ఒక్కటే పూసి వదిలితే వెనక తడి పీల్చి పలక దోసెలా వంకరపోతుంది. ఉడికించిన అవిసె నూనెలో టర్పెంటైన్ కలిపి రెండు పూతలు చాలు. నూనె తుడిచిన గుడ్డలను ముద్దచేసి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట పరిచి ఆరేయండి. వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయమంటారు కొందరు. ఇంటికి వద్దు, ఆ వాసన ఏళ్లు పోదు. మేకులకు బదులు స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడండి. మామూలు ఇనుము తడిసి టేకును తాకితే చుట్టూ నల్లగా కన్నీటి చారల్లాంటి మరకలు దిగుతాయి. ఒక పలకకు ఒక వరస స్క్రూలే. కింది పలక పై అంచును కూడా కలిపి బిగిస్తే, వానకు ఉబ్బి ఎండకు కుదించుకున్నప్పుడు చెక్క నడుమ చీలుతుంది.

పాత కిటికీ రెక్కల మీద ఆకుపచ్చ రంగు ఉందన్నారు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన 2016లో వచ్చింది, 2017 నవంబరు నుంచి అమలైంది. దానికి ముందటి రంగును పొడిగా గరుకు కాగితంతో రుద్దకండి. తడిపి గీకండి, పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి, పెచ్చులు గుడ్డలో మూటగట్టండి. చెదలకు పునాది చుట్టూ అడుగుకో రంధ్రం తీసి మందు పోయించడం గోడ మూసే ముందే జరగాలి, బావి దగ్గర్లో ఉంటే ఆ వైపు మాత్రం వదిలేయాలి.

మీ ఇంట్లో కూలర్ ఉందా, ఏసీ ఉందా అన్నది రాయలేదు. కూలర్ అయితే ఇంటిని డబ్బాలా బిగించకండి. కూలర్ తడిగాలిని లోపలికి తోస్తుంది, అవతలి వైపు కిటికీ తెరిచి ఉంటేనే హాయి. లేకపోతే చెమట ఆరదు, గోడలు తడుస్తాయి. ఏసీ పెట్టాలనుకుంటే ఒక్క గదినే సందులు లేకుండా బిగించండి, మిగతా ఇల్లు గాలికి వదలండి. చెక్క గోడకు ఒక మంచి గుణం ఉంది. ఇటుక గోడలా పగటి వేడిని రాత్రికి దాచుకోదు. తొమ్మిదింటికి కిటికీలు తీస్తే పదింటికల్లా ఇల్లు చల్లబడుతుంది.

2022 జులై వరద నీళ్లు మీ ఇంట్లో ఎక్కడి దాకా వచ్చాయో గోడ మీద గుర్తు ఉంటే, ఆ గుర్తు కింద రాక్‌వూల్ పెట్టకండి. ఒకసారి బురదనీటిలో నానితే ఇక పారేయాల్సిందే. అక్కడి వరకు నీరు పీల్చని ఎక్స్‌పీఎస్ (గట్టి నురుగు) బోర్డు వేసి, బయటి పలకలు విప్పడానికి వీలుగా స్క్రూలతోనే ఉంచండి. అదీ థర్మోకోల్ జాతిదే కాబట్టి వైరు గొట్టాలను దానికి దూరంగా, పైనుంచి తిప్పండి.

పని దసరా తర్వాత మొదలుపెట్టండి, నేల ఆరి ఉంటుంది. కర్ర మాత్రం ఇప్పుడే కొని, నీడలో, పలకకూ పలకకూ మధ్య రీపరు ముక్కలు పెట్టి పేర్చి ఉంచండి. నాలుగు గోడలూ ఒకేసారి విప్పకండి. ముందు పడమటిది ఒక్కటే చేసి, ఒక వానాకాలం చూసి, మిగతావాటి సంగతి అప్పుడు తేల్చుకోవచ్చు.

ఇంకొకటి. గోడ నుంచి తీసేసిన పాత పలకలను వంటచెరకు కింద లెక్కకట్టి అడిగేవాళ్లు వస్తారు, ఇవ్వకండి. పుచ్చిన కొస కోసేసి, ఒక్క పలకకు చిత్రిక పట్టించి చూడండి. పైన బూడిద రంగు రెండు పట్లకు లేచిపోతుంది, కింద తేనె రంగు చెక్క బయటపడుతుంది, టేకు నూనె వాసన ఇప్పటికీ వస్తుంది. కిటికీల చుట్టూ పొడిగించాల్సిన ఆ నాలుగంగుళాల తొడుగుకు అంతకన్నా ఆరిన కర్ర మీకు ఏ డిపోలోనూ దొరకదు.